ఇసుక తాగిన పట్టీ

మొన్న వీడియో కాల్‌లో నువ్వు మంగలి కత్తి తెరిచి చూపించినప్పుడు నాకు నవ్వొచ్చింది. పూణేలో కూర్చుని ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నావు. దాంతోపాటు వచ్చిన తోలుపట్టీ రేకు మాదిరి గట్టిగా ఉందని, దాన్ని ఎట్లా దారికి తేవాలని అడిగావు. నీ చెల్లెలు వెనక నుంచి, "అవ్వకేం తెలుస్తుంది, అది తాత పని కదా" అంది. తాతకు తెలిసింది కత్తి. పట్టీ నాది. పెండ్లయి ఈ ఇంటికి వచ్చిన కొత్తల్లోనే మా అత్త నా అరచెయ్యి పట్టుకుని చూసి, "చెమట లేదు, వెచ్చగా ఉండాది, ఇది పట్టీకి పనికొచ్చే చెయ్యి" అని ఆ పని నాకు అప్పజెప్పింది. అప్పటి నుంచి మా ఇంట్లో ప్రతి పట్టీ నా అరచేతి కిందే మెత్తబడింది.

ఫోన్లో చెప్పబోతే మాట సాగలేదు. అందుకే రాసి పంపుతున్నాను, ఇద్దరూ చదవండి. నేను ఆఖరున చేసిన పట్టీ గురించి చెబితే ఎట్లా చెయ్యాలో, ఎట్లా చెయ్యకూడదో రెండూ తెలుస్తాయి. దాన్ని నేను పగతో చేశాను. మీరు నన్నెప్పుడూ గట్టిగా మాట్లాడగా విని ఉండరు. గట్టిగా మాట్లాడని వాళ్ళకు పగ ఉండదని అనుకోకండి.

ముందు ఒక సంగతి తెలుసుకో. కత్తికి పదును వచ్చేది సానరాయి మీద. పట్టీ ఆ పదునును నిలబెడుతుంది. కంటికి కనిపించనంత సన్నటి అంచు వాడినకొద్దీ అటూ ఇటూ ఒరిగిపోతుంది. తోలు మీద లాగితే మళ్ళీ నిటారుగా నిలుస్తుంది. లాగేటప్పుడు కత్తి వీపు ముందు పోవాలి, అంచు వెనక రావాలి. తిరగేసి లాగావంటే తోలూ తెగుతుంది, అంచూ పోతుంది.

ఇదేమీ మరీ పాతకాలం సంగతి కాదు. అప్పటికే అందరి చేతుల్లో సెల్‌ఫోన్లు ఉన్నాయి. పెనుకొండలో మీ తాత అంగట్లో కూడా బ్లేడు సగానికి విరిచి పెట్టే కత్తులే వాడేవాళ్ళు. అసలు కత్తి బయటికి వచ్చేది పెండ్లికొడుకులకు మాత్రమే. ధర్మవరంలో పట్టుచీరల షావుకారు ఒకాయన ఉండేవాడు, ఇంటి నిండా మగ్గాలు. ఆ ఇంట్లో పెండ్లికొడుకుకు గడ్డం గీసే పని మూడు తరాలుగా మనది. బ్లేడు పెట్టనిచ్చేవాళ్ళు కాదు. ఆ ఇంట్లో కత్తి పెట్టినవాడికి ఆ వీధిలో అన్ని ఇండ్లూ తలుపు తీసేవి. మీ తాత చేతికి ఉన్న పేరంతా అక్కడి నుంచి వచ్చిందే.

షావుకారు పెద్దకొడుకు పెండ్లికి మీ తాత వెళ్ళాడు. కత్తుల పొది మోయడానికి, సాయానికి తన తమ్ముడిని తీసుకెళ్ళాడు. మీరు చిన్నతాత అంటారే, ఆయన. పని మొత్తం మీ తాత దగ్గరే నేర్చుకున్నాడు. పీట మీద పెండ్లికొడుకు, చుట్టూ బంధువులు, వాకిట్లో మేళం. కత్తిని పట్టీ మీద లాగి పెడితే, మొదటి గీతకే గడ్డం కింద రక్తం వచ్చింది. పటిక అద్ది రెండో గీత గీస్తే చెంప మీద వచ్చింది. పెండ్లినాడు పెండ్లికొడుకు రక్తం చూడటం ఎంత అశుభమో మీకు చెప్పక్కర్లేదు.

"చెయ్యి వణుకుతాండాది, ఇంగ చాలప్పా" అన్నాడట షావుకారు. అరవలేదు కూడా. తమ్ముడు ముందుకొచ్చి, తన సంచిలోంచి తన కత్తి, తన పట్టీ తీసి మిగతా పని పూర్తిచేశాడు. ఒక్క చుక్క రాలేదు.

సాయంత్రం మీ తాత ఇంటికొచ్చి పొదిని గోడవారగా పెట్టి, చేతులు కడుక్కోకుండానే కూర్చున్నాడు. నేను అలవాటు చొప్పున పట్టీ తీసి అరచేత్తో రుద్దాను. చురుక్కుమంది. వెలుతురులో పట్టుకుని చూస్తే నూనెలో అంటుకుని సన్నటి ఇసుక. ముందురోజు ఆ పట్టీని తుడిచి, రుద్ది, చుట్టి పెట్టింది నేనే. దారిలో పొది తమ్ముడి ఒళ్ళో ఉంది.

"నీ చెయ్యి కాదయ్యా, ఇది చూడు" అన్నాను.

"బస్సులో దుమ్ము పడింటాది."

"పొదిలో చుట్టిపెట్టిన పట్టీకి దుమ్మా? నీ తమ్ముడు పూసినాడు."

"వాడట్లాటోడు కాదు. నా చెయ్యే పోయింది. నన్ను అడగొద్దు."

ఆయన పట్టీ వైపు చూడనే లేదు. నేను కత్తి వీపుతో ఆ ఇసుకను గీకి, చెంచాడు కూడా లేదు, నా సున్నపుడబ్బీ ఖాళీ చేసి అందులో పోసి మూత పెట్టాను. ఎందుకు పెట్టావని అడిగితే ఆరోజు చెప్పలేకపోయేదాన్ని.

ఆ వీధి మొత్తం తమ్ముడిదయింది. హిందూపురంలో ఏసీ పెట్టి, మూడు తిరుగుడు కుర్చీలు వేసి సెలూన్ తెరిచాడు. మీ తాత అంగడి మూసేశాడు. రోజూ పొద్దున్నే గ్లాసు నిండా, అంచు దాకా నీళ్ళు పోసి చెయ్యి చాపి పట్టుకునేవాడు. చుక్క తొణికేది కాదు. అయినా గ్లాసు దించి, "నీళ్ళకు వణకదు, కత్తి పట్టుకుంటే వణుకుతాదేమో" అనేవాడు. ఆరేళ్ళు అట్లా చూశాను. ఇల్లు గడవకపోవడం కాదు నాకు బాధ. మీ అమ్మానాన్నలు పంపేవాళ్ళు, జరిగేది. తన చేతిని తానే నమ్మని మనిషి పక్కన అన్నం తినడం ఎంత కష్టమో అదీ బాధ. తమ్ముడు పండగలకు వచ్చి, "అన్నా, బాగుండావా" అని ఆ చేతిని పట్టుకునేవాడు. నేను కాఫీ ఇచ్చేదాన్ని. చక్కెర కూడా సరిగ్గానే వేసేదాన్ని.

ఆ ఆరేళ్ళలో ఆఖరి రెండేళ్ళు రావడం మానేశాడు. మళ్ళీ ఒకరోజు కారులో వచ్చాడు.

"వదినా, షావుకారు రెండోకొడుకు పెండ్లి వచ్చే నెల. నా పట్టీ చీలిపోయింది. బెంగళూరు నుంచి ఒకటి తెప్పిస్తి, అట్ట మాదిరి ఉండాది. కత్తి జారుతాది గానీ పట్టుకోదు. నువ్వొకటి చేసియ్యల్ల."

"హిందూపురంలో ఏసీ అంగడి పెట్టినావు, ఒక పట్టీ దొరకలేదా అబ్బా?"

"ఏసీ దొరుకుతాది వదినా. నీ చెయ్యి యాడ దొరుకుతాది?"

"చేసిస్తాలే. ఇరవై దినాలు పడతాది" అన్నాను.

కారు వెళ్ళిపోయాక మీ తాత లోపలి నుంచి వచ్చాడు. "ఏమ్మే, వాని మీద అంత కోపం పెట్టుకుని మళ్ళా చేసిస్తానంటివా? మంచిదానివి నువ్వు" అన్నాడు. నేను ఆయన ముఖం చూడకుండా చాప దులిపాను.

ఇప్పుడు విను, పట్టీ ఇట్లా చేయాలి. తాడిమర్రిలో చెప్పులు కుట్టే ముసలాయన దగ్గర తంగేడు చెక్క నీళ్ళలో నానిన తోలు దొరికేది. వెన్ను మీది తోలే తీసుకోవాలి. పొట్ట తోలు సాగుతుంది. సాగే తోలులో కత్తి దిగబడి అంచు మొద్దుబారుతుంది. మూడు వేళ్ళ వెడల్పు, మూర మీద జానెడు పొడవు. గోరువెచ్చటి నీళ్ళలో ముంచి వెంటనే తీసి, నున్నటి బండ మీద పరిచి, గాజు సీసాతో ఒకే వైపుకు దొర్లించాలి. అటూ ఇటూ దొర్లిస్తే తోలు ముడతపడుతుంది. నీడలో రెండు రోజులు ఆరాక, పలుచటి గుడ్డలో జల్లించిన ఇటుక పొడితో పైన పైన రుద్దితే ఆ రేకు మాదిరి మెరుపు పోతుంది. నీ పట్టీకి కావలసింది అదే.

ఆ తర్వాత తుడవాలి. పొడిగుడ్డతో ఒకసారి, తడిగుడ్డతో మూడుసార్లు. ఒక్క నలుసు మిగలకూడదు. పట్టీ పని మొత్తంలో ప్రాణమంతా ఈ తుడవడంలో ఉంది.

నేను తుడవలేదు. తోలును మళ్ళీ కొంచెం తడిపి, సున్నపుడబ్బీ తీసి, ఆరేళ్ళ నాటి ఇసుకను పట్టీ నడుమ నుంచి చివరి దాకా చల్లాను. ముగ్గు వేసేటప్పుడు పిండి జారవిడుస్తామే, అంత సన్నగా. పైన సీసా దొర్లించాను. తడితోలు ఇసుకను తాగేసింది. ఆరాక చేత్తో తడిమితే ఏమీ తగల్లేదు.

మిగతాదంతా నియమంగానే చేశాను. గడ్డం సబ్బు చిక్కగా నురగ చేసి తోలులోకి రుద్ది సీసాతో అణచడం, మర్నాడు మళ్ళీ, అట్లా నాలుగు రోజులు. తర్వాత అరచేతిలో రెండు చుక్కల ఆముదం, రెండంటే రెండే. ఆ పైన వట్టి చెయ్యి. పొద్దున వంద సార్లు, సాయంత్రం వంద సార్లు, తోలు వెచ్చబడేదాకా. రుద్దిన ప్రతిసారీ నాకు ధర్మవరం వాకిలి కనిపించేది. పీట మీద పెండ్లికొడుకు, మేళం, మరిది చేతిలో కత్తి, గడ్డం కింద ఎర్రటి గీత. షావుకారు నోటి నుంచి అదే మాట. ఇరవై రోజులు నాకు ఆకలి బాగా వేసింది. నిద్ర బాగా పట్టింది. పట్టీ బెల్లం రంగుకు తిరిగింది. నా చేతి కింద అంత అందమైన పట్టీ ఇంకొకటి రాలేదు.

ఒక్కటి మరిచిపోయాను. పని నడిచే ఇల్లయి ఉంటే మరిచేదాన్ని కాదు. మా వాళ్ళలో ఆచారం ఒకటుంది. కొత్త పట్టీ మీద లాగిన కత్తి, మొదట పని నేర్పినవాడి గడ్డానికి పెట్టాలి. ఆ తర్వాతే బయటివాళ్ళకు. మరిది కొత్త సెలూన్లకు అలవాటుపడ్డాడు, ఇవన్నీ ఎక్కడ పాటిస్తాడు అనుకున్నానో, అసలు ఏమీ అనుకోలేదో. చెప్పిన రోజున పొద్దున్నే ఆకూవక్కా, టెంకాయ పట్టుకుని దిగాడు. పట్టీ తీసుకుని చెంపకు ఆనించుకుని, "పట్టు మాదిరి ఉండాది వదినా" అన్నాడు. అన్న వైపు తిరిగాడు.

"అన్నా, కూర్చో. తొలి గడ్డం నీదే. షావుకారు ఇంటి పని, శాస్త్రం తప్పకూడదు."

మీ తాత ముఖం వెలిగిపోయింది. ఆరేళ్ళుగా ఎవరూ ఆయన్ని గురువుగా చూడలేదు. నేను ఏమైనా అనేలోపే తువ్వాలు భుజాన వేసుకుని వాకిట్లో పీట మీద కూర్చున్నాడు. మరిది నురగ పూశాడు. పట్టీ కొనను కిటికీ ఊచకు తగిలించి లాగడం మొదలుపెట్టాడు.

నేను నీళ్ళ చెంబుతో గడపలో నిలబడ్డాను. చెబితే ధర్మవరంలో ఏమీ జరగదు, ఆరేళ్ళ పగ వట్టిదైపోతుంది. చెప్పకపోతే రక్తం ఇక్కడే వస్తుంది, మీ తాత ముఖం మీద. ఇంకొక్క లాగు కానీ, చెబుతాను అనుకున్నాను. ఇంకొక్క లాగు. మరిది ముఖం చూస్తే చెప్పబుద్ధయ్యేది కాదు.

సప్, సప్ అంటున్న చప్పుడు మారింది. పైపొర లేచి లోపలి ఇసుక తగిలింది. మరిదికి తెలియలేదు, బ్లేళ్ళకు అలవాటుపడ్డ చెవి. మీ తాత కళ్ళు తెరిచాడు.

"ఆపు" అన్నాడు.

"ఏమన్నా?"

"ఇంగొకసారి లాగు. మెల్లగా."

సర్‌ర్‌మంది.

"ఈ శబ్దం నేను ముందొకసారి విన్న్యా" అన్నాడు మీ తాత. "షావుకారు ఇంట్లో. మేళం మోగుతాంటే పట్టించుకోలేదు."

లేచి పట్టీ అందుకున్నాడు. నా చేతిలో చెంబు తీసుకుని దాని మీద నీళ్ళు పోసి, విల్లులా వంచాడు. తోలు నోళ్ళు తెరిచి ఇసుక బయటికొచ్చింది. బొటనవేలికి అద్దుకుని చూసుకుని నా వైపు చూశాడు.

"నేనే పూసినా" అన్నాను. "ఆ పొద్దు నీ పట్టీలో దొరికిన ఇసుకే. దాచిపెట్టింటి."

మరిది కత్తి మడవబోయాడు. మీ తాత అది తీసేసుకున్నాడు. "నువ్వు కూర్చో" అన్నాడు. అన్న గొంతు ఎట్లా ఉందో ఏమో, ఆయన కూర్చున్నాడు. మీ తాత తన ముఖం మీది నురగ తుడుచుకుని తమ్ముడికి కొత్తగా పూశాడు. ఇసుక మీద లాగిన ఆ కత్తినే గొంతు దగ్గర ఆనించాడు.

"ఆ పొద్దు బస్సులో పొది యెవరి ఒళ్ళో ఉండె?"

"నా ఒళ్ళోనే అన్నా."

"నేనేం చేస్తాంటి?"

"నిద్రపోతాంటివి."

"ఇసుక?"

 మరిది గొంతుక కత్తి కింద పైకీ కిందికీ కదిలింది. "ఆ ఇల్లు నాకు రావల్లని పూస్తిన్నా. నీకు యాభై ఏండ్లు దాటినా ఇయ్యకపోతివి."

"అడిగినావా?"

 మీ తాత చెయ్యి దించేశాడు. ఆయనకు అది చాలు. ఆయన మనసు అట్లాంటిది. నాకు చాలలేదు.

"మీసం తియ్యి" అన్నాను.

"ఏమ్మే?"

"ఇంటి పెద్ద పోతే మీసం తీస్తారు కదా. ఆరేండ్ల కిందట వాళ్ళన్నను చంపినాడు, ఇంగా మీసం తియ్యలేదు. నువ్వు తియ్యి."

మరిది నా వైపు చూశాడు. నేను ఎప్పటి గొంతుతోనే మాట్లాడుతున్నాను, అందుకే భయపడ్డాడనుకుంటాను. మీసం లేకుండా పెండ్లింటికి పోతే ఎవరు పోయారని అడుగుతారు. మైలలో ఉన్నాడనుకుంటే పెండ్లికొడుకును తాకనివ్వరు. అది ఆయనకూ తెలుసు, మీ తాతకూ తెలుసు. మీ తాత చాలాసేపు ఆ మీసాన్ని చూశాడు. తర్వాత నురగ అద్దాడు.

గరుకు కత్తితో, పై పెదవి మీద, మూడు గీతల్లో తీశాడు. చర్మం కందింది గానీ ఒక్క చుక్క రక్తం రాలేదు. పని అయ్యాక మీ తాత కత్తిని కాక తన చేతిని చూసుకున్నాడు. వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, మళ్ళీ ముడిచాడు.

"కడుక్కో అబ్బా, మండుతాది" అని నేను మిగిలిన నీళ్ళు అందించాను. మరిది కడుక్కోకుండానే కారెక్కాడు.

హిందూపురంలో సెలూన్ పదిరోజులు మూసే ఉందని విన్నాం. ఫోన్ తీయలేదట. పెండ్లి దగ్గరపడేసరికి షావుకారు ఇంటి నుంచి మీ తాతకు ఫోన్ వచ్చింది. మీ తాత పాత పట్టీనే తడిపి, ఆరబెట్టి, నేను మూడు రోజులు చేత్తో రుద్దాను. ధర్మవరానికి నేనూ వెళ్ళాను. పొది నేనే పట్టుకున్నాను.

"ఏమప్పా, నీ తమ్ముడు యాడ?" అన్నాడు షావుకారు.

"వానికి ఒంట్లో బాగలేదు సామీ" అన్నాడు మీ తాత.

ఆ మంచితనం నాకు నచ్చలేదు. ఆడవాళ్ళందరూ వింటున్న చోట నిలబడి, ఎప్పుడు ఇసుక పూశాడో, ఎందుకు పూశాడో, ఏ నోటితో ఒప్పుకున్నాడో చెప్పాను. మెల్లగానే చెప్పాను. వినడానికి వాళ్ళు దగ్గరికి జరిగారు. నేను పూసిన ఇసుక సంగతి మాత్రం చెప్పలేదు. ఆ వీధిలో ఒక మగ్గం నుంచి ఇంకో మగ్గానికి మాట ఎంతసేపట్లో పోతుందో నాకు తెలుసు. మరిదికి ఆ వీధిలో మళ్ళీ ఒక్క ఇల్లు కూడా దొరకలేదు. ఆ సంగతి విన్న రోజు నేను పాయసం చేశాను. చిన్నతాత మన ఇంటికి ఎందుకు రాడని మీరు అడిగేవారు కదా, ఇదీ కారణం. నాకు ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు.

పెండ్లికొడుకు గడ్డం నున్నగా వచ్చింది. షావుకారు వేళ్ళ వెనకభాగంతో కొడుకు చెంప తడిమి చూసి, మీ తాత చెయ్యి పట్టుకుని భోజనాల దగ్గరికి తీసుకెళ్ళాడు.

తిరుగు బస్సులో మీ తాత నా వైపు తిరిగాడు.

"ఏమ్మే, ఒక మాట అడుగుతా. ఆ పొద్దు నాకు శబ్దం వినపడకపోయింటే నువ్వు చెప్పుంటివా?"

అబద్ధం చెప్పవచ్చు. నోరు రాలేదు. "తెల్దు" అన్నాను. "కత్తి గొంతు దాకా వస్తే చెప్పుంటి. గడ్డం దాకా అయితే, తెల్దు."

ఆయన గడ్డం తడుముకున్నాడు. కోపం లేదు. నవ్వినట్టు కూడా అనిపించింది. "ఇంగ నా గడ్డం నేనే గీసుకుంటాలే" అన్నాడు.

మళ్ళీ అంగడి తెరిచాడు, ధర్మవరం వీధి మళ్ళీ మనదయింది, పోయేదాకా కత్తి వదల్లేదు. పట్టీలు ఎప్పటిలాగే నేనే రుద్దేదాన్ని, వద్దని ఒక్కనాడూ అనలేదు. కానీ నా చేతి నుంచి పట్టీ అందుకున్న ప్రతిసారీ, కత్తి పెట్టే ముందు, దాని మీద నాలుగు చుక్కల నీళ్ళు చిలకరించి, వంచి, వెలుతురుకు పట్టి చూసుకునేవాడు. నేను చూస్తున్నానని తెలిసీ చూసుకునేవాడు.